వాది, మైనరు, హాజరా?

కోర్టు వెనక నడవా చివర జప్తు గది ఉంది. సాయంత్రం కోర్టు లేచాక అటువైపు ఎవరూ వెళ్లరు. ఊడ్చే ఆవిడ కూడా సగం నడవా ఊడ్చి, మిగతా సగానికి ఓ దణ్ణం పెట్టి వచ్చేస్తుంది.

ముందునుంచీ ఆ గదికి మంచి పేరు లేదు. ఈమధ్య నాలుగు రోజులుగా మరీ ఎక్కువైంది. లోపల ఎవరో గోళ్లతో రాయిని గీకుతున్నట్టు... గర్ — గర్ — గర్. ఆగుతుంది. మళ్లీ మొదలవుతుంది.

"స్వామి గోళ్లే" అని కోర్టంతా గుసగుసలు. అనుకోరా మరి? పదకొండేళ్లుగా ఆ గదిలో ఉన్నది నరసింహస్వామి. మెడలో 'సాక్ష్యం నంబరు 7' అని అట్టముక్క కట్టి, గోనెసంచిలో కుక్కి, విరిగిన కుర్చీల మధ్య పడేశారు. చుట్టూ ఎలుకల పెంటికలు, తడిసిన కాగితాల కంపు. ఛీ! సందెవేళ గడప మీద రాక్షసుడి పొట్ట చీల్చిన దేవుడికి మనుషులు చేసిన మర్యాద అది.

ఆ గీకుడు వెనకున్న సంగతి బయటపెట్టింది డఫేదారు. కోర్టు తలుపు దగ్గర నిలబడి పేర్లు మూడేసిసార్లు కేకేసే ఆయన. లేనిపోనివి కల్పించి చెప్పే రకం కాదు.

కేసంటారా, గుడి మాదంటే మాదని రెండు కుటుంబాలు. ఒకాయన పట్టుపంచె, ఇంకొకాయన సఫారీ సూటు. కోర్టులో ఒకరి మొహం ఒకరు చూసుకోరు. చట్టం దృష్టిలో దేవుడు ఎప్పటికీ మైనరే. ఆస్తి ఆయనదే, కానీ ఆయన తరఫున మాట్లాడ్డానికి ఓ పెద్దదిక్కు కావాలి. ఆ దిక్కు నేనంటే నేనని ఇద్దరూ కొట్టుకుంటున్నారు. యుగాలనాటి దేవుడు మైనరట, ఈ మహానుభావులు గార్డియన్లట! వింటుంటేనే డఫేదారుకి ఒళ్లు మండిపోయేది.

ఆయన తల్లికి ఎనభై దాటాయి. గుడికి తాళం పడ్డప్పటినుంచీ ఒకటే మాట. "ఒరేయ్, స్వామి పీఠం అంచు మీద అక్షరాలున్నాయిరా. రాళ్లు మోసిన వాళ్లందరి స్వామి అని. గుడి కట్టేప్పుడు మీ తాత కూడా మోశాడు. అది ఏ ఒక్కడి సొత్తూ కాదు."

నాలుగు రోజుల కిందట ఆ ముసలావిడ కర్ర పట్టుకుని బోనెక్కి అదే మాట చెప్పింది. కొత్త జడ్జిగారు విన్నారు. "వచ్చే వాయిదాకి స్వామిని హాల్లోకి తెప్పించండి. అక్షరాలు నేనే చూస్తాను" అన్నారు. అక్షరాలుంటే గుడి తలుపులు తెరుచుకుంటాయి. లేకపోతే కేసు మళ్లీ మొదటికొస్తుంది, ఆ తల్లి ఇక స్వామిని చూడకుండానే పోతుంది.

రేపు వాయిదా అనగా, జప్తు గది సీలు సరిగ్గా ఉందో లేదో చూసిరమ్మని డఫేదారుని పంపారు.

నడవాలో దీపం లేదు. జప్తు గది తాళం తీసి కొక్కేనికి వేలాడుతోంది. తలుపు ఓరగా ఉంది. లోపల... గర్ — గర్ — గర్.

డఫేదారు తలుపు ఇంకాస్త నెట్టి గడప మీద ఆగిపోయాడు. కాలు లోపలికి పడదు, వెనక్కీ రాదు. ఏం చెయ్యాలో తోచక, ముప్పై ఏళ్ల అలవాటు కొద్దీ నోరు దానంతటదే తెరుచుకుంది.

"శ్రీ నరసింహస్వామి... వాది... మైనరు... హాజరా?"

గీకుడు ఆగింది.

"నరసింహస్వామి... హాజరా?"

ఎవరిదో ఊపిరి.

"నరసింహస్వామి... హాజరా?"

"హాజరు."

మెల్లగా, స్పష్టంగా. వెంటనే దబ్బుమని ఏదో పడింది. "అమ్మో, చచ్చాన్రా నాయనో!" అని కేక.

దేవుడు అమ్మో అనడు కదా. డఫేదారు టార్చి వేశాడు.

గోనెసంచి మీద చతికిలబడ్డ సఫారీ సూటాయన, పీఠం పక్కన పట్టుపంచె ఆయన. నూనె చేతులు, పక్కన సగం తిన్న బజ్జీల పొట్లం. ఇద్దరూ ఒకే పొట్లంలో చెయ్యి పెట్టి తిన్నట్టున్నారు. మొన్న వాయిదాలో ఒకళ్లనొకళ్లు దొంగలని తిట్టుకున్న నోళ్లే! అప్పటిదాకా సఫారీ విగ్రహాన్ని వెనక్కి ఒరిగించి పట్టుకుంటే, పట్టుపంచె పంచె ఎగ్గట్టి, పీఠం అంచుని ఆకురాయితో అరగదీస్తున్నాడన్నమాట. అక్షరాలుంటే ఇద్దరికీ గుడి దక్కదు మరి. 'హాజరు' వినపడగానే సఫారీ చేతులు వదిలేశాడు. స్వామి నిటారుగా కూర్చున్నాడు, పట్టుపంచె వేళ్ల మీద.

డఫేదారుకి భయం పోయి అసహ్యమేసింది. దెయ్యమైనా బాగుండేది, ఇంత రోత ఉండేది కాదు.

"బాబ్బాబు, కాస్త ఎత్తవయ్యా" అని ఏడుస్తున్నాడు పట్టుపంచె. సఫారీ భుజం ఆనించి తోశాడు. ఇంతసేపూ ఒక్కడి చేతుల్లో ఒరిగిన విగ్రహం ఇసుమంత కదల్లేదు.

డఫేదారు గడప మీదనుంచే టార్చి పీఠం మీదకి తిప్పాడు. మొదటి మాట అరిగిపోయింది. మిగతాది చక్కగా ఉంది... 'మోసిన వాళ్లందరి స్వామి'.

"బతికించావు తండ్రీ" అనుకున్నాడు. తర్వాత తాపీగా అన్నాడు, "సాక్ష్యం నంబరు ఏడు. జడ్జిగారి ఉత్తర్వు లేకుండా ముట్టుకోకూడదు బాబుగారూ. ఫోన్ చేస్తాను, ఆయనొచ్చి చూసేదాకా చెయ్యీ, ఆకురాయీ అక్కడే ఉండనివ్వండి."

జేబులోంచి ఫోన్ తీస్తూ ఆగాడు. "అవునూ, మీలో హాజరన్నదెవరు?"

సఫారీ మొహంలో నెత్తురు చుక్క లేదు. "నువ్వు కాదూ?"

"పిలిచింది నేను. నేనెందుకంటాను?"

"మేమూ అనలేదు..." సఫారీ గోడ వైపు జరిగాడు. "అది లోపల్నించి రాలేదయ్యా. నడవాలోంచీ రాలేదు. నువ్వు... నువ్వు నిలబడ్డ చోటునుంచి వచ్చింది."

డఫేదారు తన కాళ్లకేసి చూసుకున్నాడు. ఆయన గదిలో లేడు, నడవాలోనూ లేడు. కిటికీ అవతల పొద్దు గుంకింది గానీ, చీకటింకా పడలేదు.

గడప మీదనుంచి మెల్లగా కాలు తీశాడు.