గోడ అవతల బోదగడ్డి

ఇంటర్వెల్ గంట కొట్టగానే ఖదీజా బడి ముందున్న పూలమడి దగ్గరికి వచ్చింది. ఎండ చుర్రుమంటోంది. ఈసారి వానలు ఇంకా మొదలుకాలేదు. బంతి మొక్కల మధ్య ఖాళీ జాగాలున్నాయి. వాటిలో గడ్డి నాటాలి.

"పూలొక్కటే ఉంటే మడి బోసిగుంటది. నడుమ పొడుగు గడ్డి పెడితే అందం. ఏది పెట్టాల్నో నువ్వే చూడు," అని మరియ టీచర్ ఆ పని ఆమెకే అప్పజెప్పింది.

నాన్న సౌదీకి వెళ్లాక ఖదీజా, అమ్మ బీర్కూర్ నుంచి ఎల్లారెడ్డిలోని మేనమామ ఇంటికి వచ్చేశారు. ఐదో తరగతిలో చేరి పదిహేను రోజులైనా ఆమెతో మాట్లాడేది బాలి ఒక్కతే. మడి బాగుంటే మిగతావాళ్లూ పలకరిస్తారని పాపం ఖదీజా ఆశ.

అందుకే సలీమ్ మామూను బతిమాలి పోచారం చెరువు ఒడ్డు నుంచి జమ్ముగడ్డి తెప్పించింది. మనిషెత్తు ఆకులు, చివర గోధుమరంగు కంకులు. ఎంత బాగుందో!

బాలి కూడా తండా నుంచి ఒక దుబ్బు తెచ్చింది. జానెడు మోళ్లు, అన్నీ ఎండిపోయి ఉన్నాయి.

"ఏందే ఇది?"

"బోదగడ్డి. గుట్ట మీదిది. గుడిసె కప్పనీకి మా బాపు కోసిండు. వాన పడితే మల్ల లేస్తది."

"సచ్చిన గడ్డి పెడితే అందరు నవ్వుతరు!" అంటూ ఖదీజా ఆ దుబ్బును గోడ అవతలికి విసిరేసింది.

బాలి చేతులకంటిన మట్టి దులుపుకుని వెళ్లిపోయింది.

ఆ రోజు ఖదీజా మడిలో నాటిన జమ్ము చుట్టూ పిల్లలంతా మూగారు. కంకులు పట్టుకుని చూశారు. చూసి ఆటకు పోయారు. ఖదీజాను ఎవరూ పిలవలేదు.

మర్నాడు రోజూ పక్కన కూర్చునే బాలి వెనక బెంచీకి మారింది. ఒక్కతే కూర్చుని డబ్బా తెరిస్తే ముద్ద దిగడం ఎంత కష్టమో ఖదీజాకు అప్పుడు తెలిసింది.

వారం తిరిగేసరికి జమ్ము వడలిపోయింది. బకెట్లకొద్దీ నీళ్లు పోసినా లాభం లేకపోయింది. నీళ్లలో పెరిగే గడ్డి పొడి మట్టిలో ఎలా నిలుస్తుంది?

ఎండిన జమ్మును పారేయడానికి ఖదీజా గోడ అవతలికి వెళ్లింది. మూడు రోజుల కిందటే మొదటి వాన పడింది. రాళ్ల మీద పక్కకు ఒరిగి పడి ఉంది బాలి తెచ్చిన దుబ్బు. మోళ్ల మధ్య నుంచి సన్నటి పచ్చని పిలకలు! ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్లు పోయలేదు. ఖదీజాకు ఏడుపొచ్చింది.

దుబ్బును రెండు చేతులా ఎత్తుకుని వెనక బెంచీ దగ్గరికి వెళ్లింది.

"బాలీ, నువ్వు చెప్పినా ఇనకుండ పారేసిన. తప్పయింది. ఇది బతికే ఉన్నది. ఏడ పెట్టాల్నో నువ్వే చెప్పు."

బాలి పిలకను వేలితో తాకింది. తర్వాత లేచి మడి వైపు నడిచింది.

బాలి చూపించిన చోట ఖదీజా గబగబా గుంత తవ్వింది.

"గంత లోతు వద్దు," అంది బాలి.

ఖదీజా తవ్విన మట్టిలో సగం మళ్లీ గుంతలో పోసింది. "ఇంత సరిపోతదా?" అని అడిగి, జవాబు కోసం ఆగింది.

బాలి వచ్చి ఆమె పక్కన కూర్చుంది.