సీసపు గుండు మీద సొట్ట

వేలాపురి రాజ్యానికి వచ్చిన కష్టం పగవాడికి కూడా రాకూడదు. జలఘోరుడనే రాక్షసుడు, సముద్రం మీద వేటకు వెళ్లిన పడుచువాళ్లందరినీ శంఖాలుగా మార్చి నీటి అడుగున దాచేశాడు. వాళ్లలో నూకాలు అనే పిల్లకు అన్న అయిన పైడయ్య కూడా ఉన్నాడు. తల్లీ తండ్రీ లేని ఆ పిల్లకు అన్నే లోకం. పాపం, ఎలా ఊరుకుంటుంది?

ఆ రాజ్యంలో పిల్లలకు సముద్రవిద్య నేర్పే తెరచాప ఓడ ఒకటి ఉండేది. దాన్ని నడిపే సరంగు కొర్లయ్య తాతే వాళ్లకు గురువు. అక్కడ చదివే నూకాలు, అన్నను విడిపించడానికి వెళ్దామని ఆయన కాళ్లావేళ్లా పడి ఒప్పించింది. తోటి విద్యార్థులు కూడా సై అన్నారు. ఏడు రోజులు ప్రయాణం చేసి అందరూ రాక్షసుడుండే నడిసంద్రం చేరారు.

నీళ్లు చీల్చుకుని జలఘోరుడు లేచాడు.

"మునగకుండా, అడుగున ఏముందో మూడు చోట్ల చెప్పండి. చెబితే మీవాళ్లను వదిలేస్తాను. ఒక్కటి తప్పినా మీరూ శంఖాలే!"

ఓస్, ఇంతేనా! ఓడలో మొదటి పాఠమే అది. సీసపు గుండు అడుగున కొవ్వు పూసి తాడుతో దించితే, కింద ఉన్నది కొవ్వుకు అంటుకుని పైకి వస్తుంది. మొదటిచోట నల్లబురద వచ్చింది. రెండోచోట పగడపు ముక్కలు వచ్చాయి. రాక్షసుడి మొహం మాడిపోయింది.

మూడోచోట మాత్రం గుండుకు ఏమీ అంటలేదు.

"ఉత్త బండరాయే. రాయని సెప్పేద్దాం" అంటూ తోటి విద్యార్థి ఎర్రన్న గుడ్డతో కొవ్వు తుడవబోయాడు. గుండు పైకి రాగానే శుభ్రం చేసి పెట్టడం వాడికి అలవాటు మరి.

"ఒరే, ఆగరా! తుడవకు!" అని నూకాలు వాడి చెయ్యి పట్టుకుంది. కొవ్వు మీద చిన్న సొట్ట ఉంది. వేలితో తడిమి చూసింది. సొట్టలో సన్నని గీతలు మెలితిరిగి ఉన్నాయి.

"తాతా, ఇది రాయి కాదు. శంఖం!"

"అమ్మీ, తప్పయితే అందరం పోతాం. బాగా సూసుకుని సెప్పు" అన్నాడు కొర్లయ్య.

నూకాలు కళ్లు తుడుచుకుని రాక్షసుడి ఎదుట నిలబడింది.

"అడుగున ఉన్నది మావోళ్లు! మా అన్న!"

జలఘోరుడు గావుకేక పెట్టి నురగై కరిగిపోయాడు. శంఖాలన్నీ మనుషులై పైకి తేలాయి. అందరికంటే చివర, నుదురు రుద్దుకుంటూ పైడయ్య వచ్చాడు.

"నా మొహాన గుండేసింది నువ్వేనేటే?"

నూకాలు నవ్వబోయి భోరున ఏడ్చేసింది.

ఏం కావాలో కోరుకోమన్నారు రాజుగారు. తాత తర్వాత ఆ ఓడకు తననే సరంగును చెయ్యమంది నూకాలు. అలాగే చేశారు. ఆ ఓడలో ఇప్పుడు గుండును ముందు తడిమి చూస్తారు, ఆ తర్వాతే తుడుస్తారు. పైడయ్య నుదుటి మీద బొప్పి మాత్రం అతని పెళ్లినాటికీ తగ్గలేదు. అది కనబడకుండా బాసికం కట్టింది చెల్లెలే.