వినతిపత్రాల పెట్టె

ఉదయం పదకొండింటికి సెక్రటేరియట్ లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి. లోపల బాయిలర్ ఇన్‌స్పెక్టర్ గోడకు చేరగిలబడి ఉన్నాడు. నుదుటి మీద చిన్న రంధ్రం. వెనక అద్దమంతా రక్తం.

పన్నెండింటికి చీఫ్ ఆ ఫోటోను ఏజెంట్ ‘ముంగిస’ ముందు పెట్టాడు.

"మీ బావ. నువ్వు వద్దంటే ఇంకొకర్ని పంపిస్తా."

"అక్కకి తెలుసా?"

"ఇంకా చెప్పలేదు."

"అయితే పనేంటో చెప్పండి సార్."

ఫ్యాక్టరీల తనిఖీ బిల్లు రాసింది బావే. నాలుగింటికి శాసనసభలో ఓటింగ్. దాన్ని ఓడించాలని పన్నెండు కంపెనీల యజమానులు ఒక్కటై, సభ్యులందరికీ ఒకే రకం ఉత్తరాలు రాయిస్తూ, వాళ్ల గుమ్మాల చుట్టూ తిరుగుతున్నారు.

"లాబీయింగ్ నేరం కాదు," అన్నాడు చీఫ్. "కానీ వాళ్ల విదేశీ కన్సల్టెంట్ గూఢచారి. ఒక ఫ్యాక్టరీలో వాడి దేశానికి దొంగచాటుగా విషవాయువు తయారవుతోంది. తనిఖీ జరిగితే బయటపడుతుంది. వాడి సెక్రటరీ మన డబుల్ ఏజెంట్. కోడ్: ఏసీలోంచి నీళ్లు కారుతున్నాయి."

మూడింటికి ముంగిస మెకానిక్ వేషంలో, టూల్‌బాక్సుతో, యజమానులు దిగిన హోటల్ తొమ్మిదో అంతస్తు చేరాడు. మీటింగ్ హాల్లో యజమానులు గొంతులు చించుకుంటున్నారు.

"ఇంకా ఇద్దరు సభ్యులు మనవైపు తిరిగితే చాలయ్యా!"

ఎర్ర కోటు వేసుకున్న అందగత్తె వరండాలోకి వచ్చింది. "ఏసీలోంచి నీళ్లు కారుతున్నాయి," అని గొంతు తగ్గించింది. "వీళ్లు సభకి పంపిన వినతిపత్రాల పెట్టెలో బాంబు ఉంది. వీళ్లకి తెలీదు. దాన్ని తీసుకుని వ్యాన్ వెళ్లిపోయింది. నాలుగింటికి..."

సైలెన్సర్ తుపాకీ దగ్గింది. ఆమె భుజం పట్టుకుని కూలింది.

ఆమె వెనక తుపాకీతో నిలబడ్డ కన్సల్టెంట్ నవ్వాడు. "లిఫ్టులో మీ ఇన్‌స్పెక్టర్ చేతులు జోడించాడు. నువ్వూ జోడించు."

ముంగిస టూల్‌బాక్సు విసిరాడు. గురి తప్పిన గుండు చెవి పక్కనుంచి దూసుకుపోయింది. ఇద్దరూ కలబడ్డారు. వాడి కత్తి ముంగిస తొడలో దిగింది. ముంగిస చేతికి పైపు రెంచి దొరికింది. మొదటి దెబ్బకి వాడి మణికట్టు విరిగింది. రెండోది కణతకి తగిలింది. మూడోది కొట్టాల్సిన అవసరం లేదు. అయినా కొట్టాడు.

"కారు నడపగలవా?"

"ఒక్క చెయ్యి చాలు," అంది ఆమె పళ్లు బిగబట్టి.

మూడు యాభై తొమ్మిది. సభ గుమ్మంలో బంట్రోతులు పెట్టె మోస్తున్నారు. ముంగిస కుంటుకుంటూ వెళ్లి లాక్కున్నాడు. కాగితాలు గుప్పిళ్లతో బయటికి లాగేశాడు. అడుగున మందుముద్ద, గడియారం. మూడు సెకన్లు. ముద్దను పేల్చే డిటొనేటర్ పీకాడు. విసిరేలోపే అది చేతిలోనే పేలింది. రెండు వేళ్లు ఎగిరిపోయాయి. మందుముద్ద మాత్రం మూగగా ఉండిపోయింది.

లోపల ఓటింగ్ మొదలైంది.

హాస్పిటల్ నుంచి అక్కకు ఫోన్ చేశాడు.

"ఏంట్రా, గొంతు అలా ఉందేంటి? మీ బావ ఫోన్ ఎత్తడం లేదు, నీకేమైనా చెప్పారా?"

"బావ ఇక లేడక్కా," అన్నాడు.

మర్నాడు చీఫ్ వచ్చాడు. "ఒక్క ఓటుతో పాసైంది. టీవీలో యజమానుల సంఘం ప్రకటన విన్నావా? ఈ చట్టం కావాలని మొదట్నుంచీ పోరాడింది తామేనట."

"పాపం, ఎంత కష్టపడ్డారో!" అంటూ ముంగిస మిగిలిన మూడు వేళ్లతో టీవీ కట్టేశాడు.