పెట్టె కట్టి కొలిస్తే

“స్కూటరంటే నీకెందుకమ్మా అంత చులకన?” అన్నాడు నాన్న. ఆ వారంలో ఆ మాట ఎన్నిసార్లు అన్నాడో ఆయనకే లెక్క లేదు.

“చులకన కాదు నాన్నా. ఆ కొండదారిలో స్కూటరు చక్రం గుంటలో దిగిందంటే ఇక నేను స్కూటరు మీద ఉండను. స్కూటరు నా మీద ఉంటుంది.”

“అందుకే ల్యాబ్ ఉద్యోగం చూసుకోమంటున్నాను,” వంటింట్లోంచి అమ్మ అందుకుంది. “ఏసీ గది. కూర్చుని చేసే పని. చేతులకి పేడ వాసన ఉండదు.”

“అక్కా, ఎర్ర బండే తీసుకో,” అన్నాడు తమ్ముడు ఫోన్‌లోంచి తలెత్తకుండానే. “బూడిదరంగు దానికంటే మూడు హార్స్‌పవర్ ఎక్కువ.”

“దాని సీటు మీ అక్క నడుం దాకా ఉంది. ఎక్కాలంటే నిచ్చెన కావాలి,” అన్నాడు నాన్న.

“నిచ్చెన ఉందిగా,” అంది మంచం మీద పడుకున్న నాయనమ్మ, కళ్లు తెరవకుండా. “రోజూ సాయంత్రం వచ్చి, గుమ్మం తగలకుండా తల వంచుకుని నిలబడుతోంది.”

ఆ మాటకి మనవరాలు కాఫీ కప్పులో ఏదో పడినట్టు అందులోకే చూస్తూ కూర్చుంది.

ఆమె పశువుల డాక్టరు. కొండ మీది మేత బీళ్ల దగ్గర చిన్న పశువుల ఆస్పత్రి ఒకటి ఏడాదిగా మూతబడి ఉంది. అక్కడ ఆవుకి జబ్బు చేస్తే కిందికి తోలుకొచ్చేలోపే దారిలో పోతోంది. ఆ ఆస్పత్రికి వస్తావా అని ఆమెని అడిగారు. సోమవారంలోగా జవాబివ్వాలి. చదువుకున్న రోజుల నుంచీ ఆమె కోరుకున్న పని అదే. జీపు వెళ్లని దారి కాబట్టి, రాళ్లలోనూ తారు మీదా నడిచే చిన్న మోటారుసైకిలు కావాలి. అలాంటివి షాపులో రెండే ఉన్నాయి. ఒకటి ఎరుపు, ఒకటి బూడిదరంగు.

నాన్న ముప్పై ఏళ్లు బస్సు నడిపిన మనిషి. నోట్లో మాట తక్కువ, బ్రేకు మీద కాలు ఎక్కువ. చివరికి ఆయనే ఒక షరతు పెట్టాడు.

“ఆదివారం క్వారీ వెనక రాళ్ల వాలు ఎక్కి దిగు. టీకాల పెట్టె కట్టుకుని మరీ. బండి పడకపోతే నేను నోరెత్తను. పడిందా, ల్యాబే.”

“సరే,” అంది ఆమె.

ఇక ఆ నిచ్చెన సంగతి. అతను ఒక పత్రిక కోసం బండ్లు నడిపి, కొలిచి, ఏది మేలో రాస్తాడు. మనిషి తాడిచెట్టంత పొడుగు. షాపులో ఆమె మునివేళ్ల మీద నిలబడి ఎర్ర బండిని నిటారుగా ఎత్తబోతే, అది వెళ్లి సరిగ్గా అతని మీద ఒరిగింది. అతను ఒంటిచేత్తో పట్టుకుని, “ఇది మీ బండి కాదండీ, అదిగో, ఆ బూడిదరంగుది మీది,” అన్నాడు.

“మిమ్మల్ని అడిగానా?”

“లేదు. కానీ నా పాదం మీద చక్రం ఎక్కింది. ఆ చనువుతో చెప్పాను.”

ఆమెకి నవ్వు వచ్చింది. నవ్వానని కోపం కూడా వచ్చింది.

ఇంతవరకూ తన రాతలన్నీ తనంత పొడుగువాళ్లకే పనికొస్తున్నాయని, ఈసారి ఆమె ఎత్తు మనిషి నడిపితే కొలతలు తీసుకుంటానని అడిగాడు. రెండు బండ్లూ చేతిలో ఉంటాయి, నడపడం అలవాటవుతుంది కదా అని ఆమె ఒప్పుకుంది.

అలా సాయంత్రాలు ఇటుక బట్టీ వెనక ఖాళీ జాగాలో గడిచాయి. ఎర్రదానికి పవర్ ఎక్కువే గానీ, అదంతా ఇంజను గట్టిగా అరిచాక వస్తుంది. బూడిదరంగుది మెల్లగా పోతున్నప్పుడే మొండిగా లాగుతుంది. ఎర్రదాని స్ప్రింగులు గుంటలు మింగేస్తాయి. బూడిదరంగుదాని స్ప్రింగులు పొట్టివి, మెత్తవి. కానీ అదే ఆమె పాదాలు రెండూ నేలకి ఆనే బండి.

“బూడిదరంగుదే మీకు,” అనేవాడు రోజూ. తను పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

అక్కడిదాకా బాగానే ఉంది. చిక్కంతా బ్రేకుల దగ్గర వచ్చింది. సున్నంతో గీసిన గీత దగ్గర బ్రేకు వేసి, బండి ఎంత దూరంలో ఆగిందో టేపు పెట్టి కొలవాలి. మొదటి రోజు కొలిచారు. రెండో రోజు, “ఇంకోసారి చూద్దామండీ,” అన్నాడు. మూడో రోజూ అదే మాట.

ఆమె హెల్మెట్ తీసింది. “నా మీద నమ్మకం లేదని చెప్పేయొచ్చుగా.”

“అయ్యో, అది కాదు...”

“మరేంటి? మీ ఎత్తు మనిషి ఆపితే ఒకసారి కొలిస్తే చాలు. నేను ఆపితే మూడు రోజులు కొలవాలా? మా అమ్మ కూడా ఇంత అనుమానించలేదు.”

ఆమె హెల్మెట్ అతని చేతిలో పెట్టి నడుచుకుంటూ ఇంటికి వచ్చేసింది. ఆ తర్వాత నిచ్చెన గుమ్మం దగ్గర కనపడలేదు. “ఇల్లు బోసిపోయింది,” అని నాయనమ్మ రెండుసార్లు అంది. ఆమె వినిపించుకోలేదు.

ఆదివారం పొద్దున వాన పట్టుకుంది. క్వారీ దగ్గరికి ఇంటిల్లిపాదీ వచ్చారు. నాయనమ్మ ఆటోలోనే కూర్చుని పరదా పక్కకి లాగి చూస్తోంది. తెస్తానని ముందే మాట ఇచ్చాడు కాబట్టి అతను రెండు బండ్లూ తెచ్చాడు. తడిసి ముద్దయి, ఆమె వంక చూడకుండా బూడిదరంగు బండికి టీకాల పెట్టె కట్టాడు. ఐసు, సీసాలు, సిరంజీలు, అన్నీ కలిపి ఇరవై కిలోల బరువు.

ఆమె ఎక్కింది. మొదటి మలుపు దాకా బండి బుద్ధిగానే ఉంది. రాళ్లు మొదలయ్యాక వెనక స్ప్రింగు బరువుకి పూర్తిగా అణిగి ఠప్పుమని కొట్టుకుంది. పెట్టె ఎగిరిపడింది. మరో రాయి దగ్గర బండి కడుపు రాయికి ఆని నిలిచిపోయింది. ముందుకీ పోదు, వెనక్కీ రాదు. ఆమె రెండు కాళ్లూ ఆనించి బండి పడకుండా ఆపింది గానీ, అక్కడితో ఆగిపోయింది.

తమ్ముడు పరుగెత్తి వెళ్లాడు. ఇద్దరూ కలిసి బండిని కిందికి దింపారు.

“పడలేదు,” అంది ఆమె.

“ఎక్కలేదు కూడా,” అన్నాడు నాన్న, మెల్లగా. ఆ మెత్తదనమే ఆమెకి ఎక్కువ నొప్పి కలిగించింది. పక్కనే అమ్మ గొడుగు సర్దుకుంటూ నేల చూపులు చూస్తోంది.

ఆమె కళ్లు తుడుచుకుంది. అది వాన నీళ్లేనని అందరూ అనుకున్నారు. “ఆ పెట్టె విప్పి ఎర్రదానికి కట్టండి,” అంది.

“కాలు అందదండీ,” అన్నాడు అతను. “రాళ్లలో కాలు అందకపోతే...”

“కట్టండి.”

కట్టాడు. ఆమె ఎక్కి కూర్చుంది. ఆమె బరువు, పెట్టె బరువు కలిసి, పొడుగు స్ప్రింగులు అణిగి బండి కిందికి దిగింది. అప్పటిదాకా మునివేళ్లు మాత్రమే తగిలే నేల మీద ఈసారి సగం పాదాలు గట్టిగా ఆనాయి.

అతను బురదలో మోకాళ్ల మీద కూర్చుని ఆమె బూట్ల వైపే చూశాడు. తర్వాత తలెత్తాడు. మొహం పాలిపోయి ఉంది.

“వారమంతా నేను పెట్టె లేకుండానే కొలిచాను,” అన్నాడు, అందరికీ వినపడేలా. “సీటూ, స్ప్రింగులూ, అన్నీ. ఉత్తి బండిని కొలిచి మీకిది కాదన్నాను.”

“నేను ఏ రోజూ ఉత్తి బండి మీద వెళ్లను కదండీ.”

“తప్పు నాదే.” లేచి, పెట్టెను జానెడు ముందుకు జరిపి బిగించాడు. “బరువు వెనక్కుంటే ఎక్కేటప్పుడు ముందు చక్రం తేలుతుంది. దిగేటప్పుడు వెనక ఏబీఎస్ ఆపేయండి, అది రాళ్లలో బ్రేకుని సరిగా పట్టనివ్వదు. ముందు బ్రేకు రెండు వేళ్లతోనే.”

“తెలుసు. మూడు రోజులు చేయించారుగా.”

ఎర్ర బండి అరుచుకుంటూ వాలు ఎక్కింది. అదే రాయి దగ్గర వెనక చక్రం ఒకసారి పక్కకి జారింది. ఎడమ పాదం నేలకి ఆనించి, క్లచ్ సగం వదిలి, ఆమె ముందుకి వంగింది. స్ప్రింగులు రాయిని మింగాయి. మలుపు దాటింది. పైకి చేరి బండి తిప్పి, కిందికి చూసింది. అంత ఎత్తునుంచి అమ్మ గొడుగు బొత్తామంత కనపడింది.

దిగడమే కష్టం. వాన నీళ్లు బండితోపాటే పారుతున్నాయి. రెండో గేరులో, రెండు వేళ్లతో, ఎక్కడా తొందరపడకుండా వచ్చి నాన్న చెప్పులకి మూరెడు దూరంలో ఆపింది. పెట్టె తెరిచి చూపించింది. ఒక్క సీసా పగల్లేదు.

నాన్న జేబురుమాలు తీసి, ఆమె హెల్మెట్ అద్దం తుడిచాడు. “నేను బస్సు కూడా ఇంత నున్నగా ఆపలేదే తల్లీ,” అన్నాడు.

ఆటోలోంచి నాయనమ్మ చప్పట్లు కొట్టింది. అమ్మ గొడుగు పడేసి వచ్చి కూతుర్ని బురదతో సహా కావలించుకుంది. తమ్ముడు క్వారీ దద్దరిల్లేలా ఈల వేశాడు.

వాన పెరిగింది. అందరూ ఆటో వైపు వెళ్లారు. ఆమె, అతను బండ్ల మీద టార్పాలిన్ కప్పబోయి, చివరికి ఇద్దరూ దాని కిందే నిలబడ్డారు. అతను మాత్రం సగం వంగి.

“ఒకటడుగుతాను. బ్రేకులు మూడు రోజులు ఎందుకు కొలిచారు?”

“మొదటి రోజే అయిపోయింది,” అన్నాడు. “నాకంటే రెండడుగులు ముందే ఆపారు మీరు.”

“మరి?”

“అయిపోయిందంటే మర్నాడు ఏం చెప్పి రావాలో తెలియలేదు.”

ఆమె అతని వైపు తిరిగింది. “నేను కోపంతో రెండు రాత్రులు నిద్రపోలేదు తెలుసా.”

“నేను కూడా. కోపంతో కాదు.”

అతని వెంట్రుకల్లోంచి నీళ్లు ముక్కు చివరికి జారుతున్నాయి. తుడుచుకోవడానికి ధైర్యం చాలనట్టు అలాగే నిలబడ్డాడు. ఆమే అరచేత్తో తుడిచింది, పశువుల డాక్టరు చెయ్యి కాబట్టి కాస్త గట్టిగానే.

“కొలతలు అయిపోయాయి,” అన్నాడు. “ఇక ఊరికే రావచ్చా? కొండ మీదికైనా సరే.”

“ఊరికే వస్తే మా ఇంట్లో ఊరుకోరు. ఏదో ఒకటి చెప్పాలి.”

“ఏమని చెప్పను?”

“మీరు చెప్పొద్దు. కొలవకుండా మాట్లాడడం మీకు రాదు. నేను చెబుతాను.”

సాయంత్రం హాల్లో అందరూ తలలు తుడుచుకుని కూర్చున్నారు. అమ్మ కాఫీ ఇచ్చింది, అతనికీ ఇచ్చింది. నాన్న టీవీ పెట్టబోతే ఆమె లేచి నిలబడింది. గొంతు పెంచలేదు.

“రేపు ఆస్పత్రి వాళ్లకి వస్తున్నానని చెప్పేస్తున్నాను నాన్నా. ఎర్ర బండి తీసుకుంటున్నాను. వచ్చే ఆదివారం ఈయన అమ్మానాన్నా మనింటికి వస్తారు, మా పెళ్లి మాట్లాడడానికి.”

అందరూ అతని వైపు తిరిగారు. అతను కాఫీ కప్పు కింద పెట్టి, అవునన్నట్టు తలూపాడు. ఆదివారం సంగతి అప్పటిదాకా అతనికీ తెలియదు.