నాలుగో సాక

కోరుట్ల నుంచి చందుర్తి దిక్కు పోయే తొవ్వల, మా ఊరి మలుపు కాడ మనిషెత్తు రాయి ఒకటి ఉంటది. దాని మీద నాలుగు పేర్లు. పొద్దుగూకినంక అటు పోవాలంటే పెద్ద పెద్దోళ్లకే కాళ్లాడవు.

పోయినోళ్లల్ల ముగ్గురు కుడిచెయ్యి ఇరిగి అచ్చిండ్రు. ఒకడు అసలే రాలేదు... తెల్లారి ఒర్రె నీళ్లల్ల దొరికిండు. భుజం కాడికి చెయ్యి లేదు.

తాగి లెక్కదప్పే సామేలు ఒక్కడే రోజూ ఆ తొవ్వనే అస్తడు, పోతడు. వానికి ఒక్క గీత వడలేదు. ఈ ముచ్చట యాదివెట్టుకోండ్రి, ఎనుక పనికస్తది.

ముందు ఆ రాయి సంగతి చెప్తె గని కథ సమజ్ గాదు. రజాకార్ల దినాలల్ల మా ఊరి తాటివనంల నలుగురు చచ్చిపోయిండ్రు. ముగ్గురు తాళ్లెక్కి కల్లుగీసెటోళ్లు. నాలుగో మనిషి మగ్గం నేసెటాయన — నా పెనిమిటి తండ్రి, మా మామ. తుపాకులతో కాల్చి చంపిండ్రని ఊరోళ్లు రాయి పాతి పేర్లు చెక్కిచ్చిండ్రు. నేను బడిల ముప్పై రెండేండ్లు పాఠం చెప్పిన. ఏటేటా పిల్లల్ని తీస్కపోయి ఆ పేర్లు చదివిచ్చిన. నాలుగోది పిల్లలే చదివేటోళ్లు. కోడలు మామ పేరు పలుకద్దు గదా.

ఇంకోటి. మా దిక్కు కల్లు తాగేముందు కొన్ని చుక్కలు భూమికి పోస్తరు. దాన్నే సాక అంటరు. అది చచ్చిపోయినోళ్ల పాలు. ఆ రాయి కాడ మనిషికొకటి, నాలుగు సాకలు పోసి కదలాలని ఊరి కట్టుబాటు.

మొన్న ఎండకాలం రోడ్డు వెడల్పు చేస్తున్నరని పాత రాయి తీసి నల్లరాతి పలక పెడుదమన్నరు. నా కొడుకు కుమార్ ముందువడి, చెక్కే పని భూమయ్యకు ఒప్పజెప్పిండు. భూమయ్య నా దగ్గర చదువుకున్నోడే.

"టీచరమ్మా, మాపు పోయి రాయి మీద కాగిదం వెట్టి బొగ్గు రుద్దుకోనస్త. అక్షరం తప్పు వోతె మల్ల చెవు మెలేస్తవు నువ్వు" అన్నడు.

"పొద్దుగాల పో కొడుకా."

"పొద్దుగాల వేరే పనున్నది. నాలుగు సాకలు పోస్త తియ్యి. నన్నెవలు ఏమంటరు?"

ఇగ భూమయ్య చెప్పిందే చెప్తున్న.

కాగిదం మడిచి జేబుల వెట్టుకునేసరికి చీకటైంది. కల్లుముంత తీసిండు. ఒక సాక పోసిండు — ఇంకింది. రెండోది — ఇంకింది. మూడోది — ఇంకింది.

నాలుగోది పోసిండు...

ఇంకలేదు.

నెర్రెలువడ్డ నేల మీద అట్లనే నిలవడ్డది. తెల్లకల్లు మెల్లగ ఎర్రగైంది.

ఎనుక అడుగుల చప్పుడు. ఒక్కరివి కాదు — ముగ్గురివి.

"మల్ల వానికి పోసిండు..." గుసగుస. చెవుల కాడనే.

"మాతోని సమానంగ పోసిండు..."

ఎవరో కుడి ముంజెయ్యి పట్టిండ్రు. ఇంకెవరో మోచెయ్యి పట్టిండ్రు. మనిషి కనవడడు, పట్టు మాత్రం ఇనుము. ఎండిన తాటిమట్ట ఇరిసినట్టు ఇరిసిండ్రు. భూమయ్య కిందవడ్డడు. కడుపుల తన్నిండ్రు, పక్కబొక్కల మీద తన్నిండ్రు. నోరు మన్నుతోని, నెత్తురుతోని నిండింది. జుట్టు వట్టి మొఖం రాయికేసి కొట్టిండ్రు... ఒకసారి... ఇంకోసారి.

"చూపెట్టిన చెయ్యి ఏది?"

మూడో దెబ్బకు భూమయ్య ఎడమచెయ్యి చాపి, నిలవడ్డ కల్లును మన్నుల కలిపిండు. "పొయ్య... ఇంకెన్నడు పొయ్య" అన్నడట.

పట్టు వదిలింది.

మా గడప కాడికి వచ్చినప్పుడు మోచేతిల నుంచి బొక్క తెల్లగ బయటికి కనవడుతున్నది. ముందుగాల నీళ్లు సుత అడగలేదు.

"టీచరమ్మా, నాలుగో పేరు నేను చెక్క."

కుమార్ మండిపడ్డడు. "తాగి యాడనో వడి, మా తాత పేరు తీసేస్తవా? ఆయన ప్రాణమిచ్చిండురా."

"ఇంకోన్ని పిలుసుకో అన్నా. నాకు ఈ చెయ్యితోనే బువ్వ."

కుమార్ నా దిక్కు చూసిండు. నాకేమో మా అత్త రుక్కమ్మ కండ్లల్ల మెదిలింది. ఆమె సచ్చిపోయే ముందటి రోజు నా చెయ్యి వట్టుకోని చెప్పిన మాట నలభై ఏండ్లు నాలోనే దాసుకున్న.

"కోడలా, మీ మామకు ఆఖరి తానం నేనే పోసిన. ఒంటి మీద ఒక్క గుండు లేదే. కుడిచెయ్యి భుజం కాడికి తెగి ఉన్నది. కల్లుగీసే కత్తి ఏటు..."

తుపాకులోళ్ల చేతిల కల్లుకత్తి యాడి నుంచి అస్తది? పిల్లలకు లెక్క చెప్పినట్టు నాకు నేనే చెప్పుకున్న. దాగున్న ముగ్గురిని ఎవరో రజాకార్లకు వేలువెట్టి చూపెట్టిండ్రు. చచ్చే ముందు ఆ ముగ్గురు ఆ చూపెట్టిన చెయ్యిని, మా మామ చెయ్యిని, నరికిండ్రు. కట్టుబాటు తప్పకుంట నాలుగు పోసినోళ్లందరికి చేతులిరిగినయి. లెక్కదప్పి రెండు మూడుతోనే ఆపే సామేలు పాడుకుంట ఇంటికస్తడు.

"కుమార్, పలక మీద మూడే పేర్లు చెక్కియ్యి" అన్న.

"అమ్మా, ఊరంత ఏమంటది?"

"నిజమే అంటది. భూమయ్యను దవాఖానకు తీస్కపో."

తెల్లారి మాపటికి ముంత వట్టుకోని నేనే పోయిన. ముప్పై రెండేండ్లు తప్పు పాఠం చెప్పినదాన్ని, నేను పోకుంటె ఎవరు పోతరు?

ఒకటి పోసిన. రెండు. మూడు. మూడూ ఇంకినయి. నాలుగోది పొయ్యకుంట ముంత ఎత్తి పట్టుకున్న.

ఎనుక అడుగుల చప్పుడైంది... వచ్చి ఆగింది. నా చెయ్యి ఎవరు ముట్టలేదు.

అప్పుడు రాయి అవుతల నుంచి ఒక గొంతు. నేను కాపురానికి రాకముందే ఆగిన గొంతు. ఎన్నడు ఇనలేదు, అయినా గుర్తువట్టిన — అచ్చం నా కొడుకు గొంతే.

"కోడలా... నాకు పొయ్యవా?"

నేను ఇంటి దిక్కు తిరిగిన. మూడు జతల అడుగులు నన్ను దాటుకోని రాయి అవుతలికి పోయినయి. ఎండిన తాటిమట్ట ఇరిగిన చప్పుడు... మల్లా... మల్లా. మలుపు దాటేదాక ఆయన కోడలా, కోడలా అని పిలుస్తనే ఉన్నడు.

ముంతల ఇంకొక్క సాకకు సరిపోను కల్లు మిగిలి ఉండె. దాన్ని అట్లనే ఇంటికి తెచ్చిన.