గేటు మూసేది ఆఖరి మనిషి

శనివారం పొద్దున్నే స్కార్‌బెక్ బస్టాండులో ఎప్పటిలాగే ముసలివాళ్ళ గుంపు చేరింది. వీపున సంచులు, ఎంత కడిగినా మరకలు వదలని బూట్లు, ఫ్లాస్కుల్లో టీ. ఆ గుంపులో ఎవరికీ కారు లేదు. కొందరికి కొనే స్తోమత ఏనాడూ లేదు. కొందరికి చూపు తగ్గి లైసెన్సు పోయింది. కొండలూ వాగులూ గొర్రెల మేతమిట్టలూ అన్నీ కారున్నవాళ్ళకే రాసిచ్చినట్టు నడుస్తోంది లోకం. ఈ ముసలివాళ్ళు మాత్రం ఒప్పుకోలేదు. ఒక ఊళ్ళో బస్సు దిగుతారు, కొండ దాటతారు, అవతలి ఊళ్ళో ఇంకో బస్సెక్కుతారు. కారు నిలిపిన చోటికే మళ్ళీ రావలసిన ఖర్మ వాళ్ళకు లేదు.

అయితే ఆ బస్సు తప్పితే మాత్రం బతుకు రోడ్డు మీదే.

గుంపును నడిపించే నార్మన్, పసుపుపచ్చ చేతుల్లేని కోటు ఒకటి తీసి ఎనిడ్ వైపు చాచాడు. "ఇదిగో తల్లీ, నీ పట్టుబట్టలు. ఈ రోజు తోక నువ్వే."

తోక అంటే అందరికన్నా వెనక నడిచే మనిషి. ఎవరూ వెనకబడకుండా చూడడం తోక పని. నార్మన్ తలలు లెక్కపెట్టడు. బస్సు దగ్గర తోకను ఒకే మాట అడుగుతాడు, "అందరూ వచ్చేశారా?" తోక ఊఁ అంటే బస్సు కదులుతుంది. గొర్రెల గేట్ల సంగతీ అంతే. గుంపు దాటుతున్నంతసేపూ గేటు తెరిచే ఉంటుంది. తోక దాటాక మూస్తుంది. గేటు మూసుకుందంటే వెనక ఎవరూ లేరని అర్థం.

"ఇంకెవరికైనా ఇవ్వరాదూ," అంది ఎనిడ్.

"ఇంకెవరికి? గ్లాడిస్‌కి ఇస్తే ముందు తననే వెతుక్కోవాలి."

అందరూ నవ్వారు. ఎనిడ్ నవ్వలేదు. కోటు తొడుక్కుంది. అది తడిబట్టలా బరువుగా అనిపించింది.

ఎనిడ్ ఉన్ని మిల్లులో మగ్గాల దగ్గర ముసలిదైపోయిన మనిషి. సమ్మె రోజుల్లో మిల్లు గేటు ముందు మంచులో నిలబడింది. చలికి తట్టుకోలేక ఇంటికి పోదామన్న వాళ్ళను తిట్టి, టీ తాగించి, భుజం పట్టుకుని నిలబెట్టింది. ఒక్కరినీ వదల్లేదు. అందుకే గుంపులో ఆమె మాటకు తిరుగు లేదు. పోలీసులకు కూడా ఆమె చెప్పిందే నిజమైంది.

పోయిన ఏడాది ఇదే నెలలో ఇదే కొండ దాటుతూ క్లెమెంట్ పాస్క్ అనే ముసలాయన చనిపోయాడు.

ఆ రోజూ తోక ఎనిడే. ఆయనకు గుంపుతో అదే మొదటి నడక. కళ్ళలో శుక్లాలు. పాతకాలపు మందపాటి ఉన్ని ఓవర్‌కోటు, జేబునిండా పుదీనా బిళ్ళలు. పిట్ట కూస్తే ఆగేవాడు, వాగు చప్పుడైతే ఆగేవాడు. "కనిపించవు కదమ్మా, అందుకే వింటున్నా," అనేవాడు. మొదట ఎనిడ్‌కు ముచ్చటేసింది. తర్వాత మోకాలు సలిపింది, చలి ఎముకల్లోకి దిగింది, వెలుగు తగ్గింది. ఆఖరి గేటుకు ఇంకా కాస్త దూరం ఉండగా ఆయన రాయి మీద కూలబడ్డాడు. "నువ్వు నడువమ్మా, బస్సు ఆపు. ఊపిరి తీసుకుని వచ్చేస్తా."

ఎనిడ్ నడిచింది. గేటు దాటింది. దాటగానే చెయ్యి దానంతటదే గేటు మూసింది, గొలుసు తిప్పి కొక్కేనికి తగిలించింది. ఏళ్ళ తరబడి చేసిన పని. రోడ్డు మీద బస్సు ఇంజను ఆడుతోంది. డ్రైవరు చిరాగ్గా ఉన్నాడు. మెట్టు మీద నుంచి నార్మన్ అడిగాడు, "అందరూ వచ్చేశారా?"

"వచ్చేశారు. పోనివ్వండి."

ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకు ఇప్పటికీ తెలియదు. తెలియదనడం కూడా అబద్ధమే. చలేసింది, విసుగేసింది, ఆ ముసలాయన మీద కోపం వచ్చింది. కిందనే పబ్బు ఉంది, ఫోను ఉంది, ఆయనే చూసుకుంటాడులే అనుకుంది. బస్సులో చెప్పేయొచ్చు. మొదటి స్టాపులో చెప్పేద్దామనుకుంది. తర్వాతి స్టాపులో అనుకుంది. ప్రతి స్టాపుకీ నోరు ఇంకాస్త బిగుసుకుపోయింది.

పోలీసులు వచ్చినప్పుడు అంది, "వెనక్కి పోతానన్నాడు. బస్సు దిగిన ఊరికే తిరిగి పోతానన్నాడు."

ఆయన ఆ ఆఖరి గేటు లోపలివైపు, గోడకు ఆనుకుని కూర్చున్నట్టే దొరికాడు.

ఈసారి గుంపు మళ్ళీ అదే దారి పట్టడానికి కారణం ఉంది. అవతలి ఊరి నుంచి శనివారాలు నడిచే బస్సుకు ఇదే ఆఖరి రోజు. ఎక్కేవాళ్ళు లేరట, తీసేస్తున్నారు. బస్సు తీసేసే పెద్దమనుషులు ఆఫీసుకు దేనిలో వెళ్తారో ఎవరూ అడగరు. రేపటి నుంచి ఈ కొండ దాటినవాడికి ఇల్లు చేరే దారి లేదు. అందుకే ఒక్కసారి, ఆఖరిసారి. క్లెమెంట్ చెల్లెలు ఐవీ కూడా వచ్చింది, చేతిలో తెల్లపూల కట్టతో.

మధ్యాహ్నం కొండ మీద పాత చర్చి గోడ పక్కన కూర్చుని రొట్టె తిన్నారు. ఐవీ వచ్చి ఎనిడ్ పక్కనే కూర్చుంది. చిన్న మనిషి, మాట కూడా చిన్నదే.

"ఒక్కటడుగుతా, ఏమీ అనుకోకు అక్కా. మా అన్నయ్య నిజంగా వెనక్కి పోతానన్నాడా?"

ఎనిడ్ రొట్టె ముక్క నోట్లోనే ఉంచుకుంది. "అన్నాడమ్మా."

"మరి ఆ గేటు దగ్గరెందుకున్నాడు?"

"దారి తప్పి మళ్ళీ ఇటే వచ్చుంటాడు. చూపు లేని మనిషి కదా."

"గొలుసు వేసి ఉందట. దాన్ని తీయబోయి వేళ్ళన్నీ గీరుకుపోయాయి. నేనే చూశాను, ఆస్పత్రిలో." ఐవీ పూలకట్టను ఒళ్ళో సర్దుకుంది. "వెనక ఇంకా మనుషులు ఉంటే గొలుసు వెయ్యరటగా మీరు. నార్మన్ చెప్పాడు. నువ్వు చెప్పావు కాబట్టి నమ్మాను అక్కా. లేకపోతే... ఏవేవో ఆలోచనలు వస్తాయి."

ఇప్పుడు చెప్పాలి. ఇంతకన్నా అదను రాదు. ఎనిడ్ నోరు తెరిచింది.

"వెనక్కి పోతాననే అన్నాడు," అంది. "నా చెవులతో విన్నాను."

ఐవీ ఆమె చెయ్యి నొక్కింది. ఆ నొక్కుడు చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది.

దిగేటప్పుడు పొగమంచు కమ్మింది. డిసెంబరు పొద్దు, సాయంత్రం కాకుండానే చీకటి పడిపోతుంది. ముందు ఐవీ తెల్లటోపీ కాసేపు కనిపించింది, తర్వాత అదీ లేదు. గోడల రాళ్ళు నల్లగా చెమటపట్టాయి. గొర్రెలు ఎక్కడో దగ్గాయి, అచ్చం మనుషుల్లాగే. కుళ్ళిన ఆకుల వాసన, తడి మట్టి వాసన.

మేతబీడు గేటు దాటి ఎనిడ్ మూసింది. గొలుసు తగిలించింది. నాలుగడుగులు వేసిందో లేదో...

వెనక గొలుసు చప్పుడు.

తిరిగి చూసింది. మంచు తప్ప ఏమీ లేదు. గేటు మూసే ఉంది. గాలికి ఊగి ఉంటుందనుకుంది. గాలి లేదు.

వాగు దగ్గర ఇంకో గేటు. ఈసారి గొలుసును రెండు మెలికలు తిప్పి, చేత్తో లాగి చూసి మరీ నడిచింది. కావాలనే నెమ్మదిగా నడిచింది. వెనక కొక్కెం ఊడింది. గేటు కిర్రుమంది. ఆగింది. మళ్ళీ కిర్రుమంది. గొలుసు పడింది. జాగ్రత్తగా, మర్యాద తెలిసినవాడు వేసినట్టు.

తర్వాత అడుగులు. ఈడ్చుకుంటూ... ఆగుతూ... వింటున్నట్టు ఆగుతూ.

"ఎవరది?" అంది ఎనిడ్. గొంతు గుసగుసగానే వచ్చింది. "గ్లాడిస్, నువ్వేనా?"

తడిసిన ఉన్ని వాసన వచ్చింది. మిల్లులో బతుకంతా పీల్చిన వాసన, పొరపడే అవకాశం లేదు. దాని వెనకే సన్నగా పుదీనా.

పరిగెత్తాలనిపించింది. కానీ మోకాలు సహకరించలేదు. మోకాలు ఒక్కటే కాదు. మళ్ళీ వదిలేసి పోతావా అని లోపల ఎవరో అడుగుతున్నారు. మిల్లు గేటు ముందు నిలబడ్డ ఎనిడ్ అడుగుతోంది.

ఆఖరి గేటు కనిపించింది. బార్లా తెరిచి ఉంది, తోక కోసం. స్తంభానికి ఐవీ పూలు కట్టి వెళ్ళింది. గోడ అవతల రోడ్డు, రోడ్డు మీద బస్సు దీపాలు మంచులో పసుపుగా ముద్దకట్టి ఉన్నాయి. ఇంజను ఆడుతోంది. మాటలు కూడా వినిపిస్తున్నాయి.

"త్వరగా కానివ్వండి నాయనా, ఆఖరి రోజు కూడా ఆలస్యమేనా?" డ్రైవరు గొంతు.

"అదిగో, మా తోక వచ్చేస్తోంది," అన్నాడు నార్మన్.

ఎనిడ్ గేటు దగ్గర ఆగిపోయింది. వెనక అడుగులూ ఆగాయి. చాలా దగ్గరగా. మెడ మీద చల్లటి ఊపిరి తగులుతోంది. బస్సులో చెప్పేస్తాను అనుకుంది. కూర్చోగానే ఐవీకి చెప్పేస్తాను. అంతకన్నా ముందు చెయ్యవలసింది ఒకటుంది. పోయిన ఏడాది చెయ్యనిది.

ఆమె పక్కకు జరిగి గేటు పట్టుకుంది. వెనక్కి చూడలేదు. చూసే ధైర్యం లేదు.

"క్లెమెంట్ గారూ," అంది. "తప్పయిపోయింది. ముందు మీరు దాటండి. నేను వెనకే వస్తాను. ఈసారి మూయను."

చాలాసేపు ఏమీ జరగలేదు. తర్వాత ఆమె భుజానికి తడి ఉన్ని రాసుకుంటూ పోయింది. బరువుగా, నెమ్మదిగా. అది దాటుతున్నంతసేపూ ఆమె ఊపిరి బిగపట్టింది. అయిపోయింది. ఎంత తేలిక. ఇన్నాళ్ళకు గుండె మీద రాయి దిగింది. కళ్ళు తుడుచుకుని అడుగు ముందుకు వేసింది.

గేటు మూసుకుంది.

గొలుసు తిరిగింది. కొక్కెం పడింది.

"ఆగండి," అంది ఎనిడ్. "నేనున్నాను. నేనింకా లోపలే..."

గొలుసు పట్టుకుంది. ఎన్ని ఏళ్ళ అలవాటో, కళ్ళు మూసుకుని తీయగల కొక్కెం. వేళ్ళకు అందలేదు. ఇనుము వేళ్ళకు అంటుకుని చర్మం లాగింది. కళ్ళకు ఏదో పొర అడ్డుపడింది. బస్సు దీపాలు పాలల్లో పడ్డ దీపాల్లా కరిగిపోతున్నాయి. పూల తెల్లదనం తప్ప ఏదీ స్పష్టంగా కనిపించడం లేదు.

"నార్మన్..." అని అరవబోయింది. ఆయాసం అడ్డొచ్చింది. ముసలి మగగొంతులా పిల్లికూతలు పెట్టే ఆయాసం.

రోడ్డు మీద బస్సు తలుపు దగ్గర నార్మన్ అడిగాడు, ఎప్పటిలాగే, "అందరూ వచ్చేశారా?"

"వచ్చేశారు," అంది ఎనిడ్ గొంతు. అక్కడి నుంచి. బస్సు మెట్టు మీద నుంచి. "పోనివ్వండి."

తలుపు మూసుకుంది. ఇంజను మోత ఎక్కింది. వెలుగుతున్న కిటికీలు ఒకదాని వెనక ఒకటి మసకగా జారిపోయాయి. వెనక కిటికీలో ఐవీ తెల్లటోపీ, దాని పక్కన పసుపుపచ్చని మరక ఒకటి. అది ఐవీ వైపు వంగి ఏదో చెబుతోంది. తెల్లటోపీ గేటు వైపు తిరిగింది. బస్సు ఆగలేదు.

చప్పుడు లోయలోకి దిగి, సన్నబడి, పోయింది.

ఎనిడ్ తన గుండెల మీద చెయ్యి పెట్టుకుంది. పలచటి పసుపు కోటు కోసం తడుముకుంది. చేతికి తగిలింది మందపాటి ఉన్ని. తడిసి, బరువెక్కి, మోకాళ్ళ కింది దాకా దిగిన ఓవర్‌కోటు. మొద్దుబారిన వేళ్ళు దాని జేబులోకి వాటంతటవే పోయాయి.

జేబునిండా చిన్నచిన్నవి, గుండ్రంగా, కాగితాల్లో చుట్టినవి ఉన్నాయి. వాటి మధ్య ఒకటి, ఎవరో ఇప్పుడే చప్పరించి తీసినట్టు, ఇంకా వెచ్చగా ఉంది.