చిల్లు పొడిచిన బూరె

నాన్న బూటు గోదాట్లో పోయిన రోజు ఎండ మండిపోతోంది.

రాజమండ్రి రేవులో పడవెక్కి సాయిదుర్గ, నాన్న కొవ్వూరు వస్తున్నారు. బస్సులో బ్రిడ్జి మీదుగా వస్తే తొందరగా వచ్చేయొచ్చు. కానీ అమ్మ ఎప్పుడూ పడవలోనే వచ్చేది. "పుట్టింటికి నీళ్ళ మీద వెళ్తేనే బాగుంటుంది" అనేది. అందుకే నాన్న రేవు వైపు నడిచాడు. దుర్గ కూడా వెనకే నడిచింది.

అమ్మ పోయాక వాళ్ళు అమ్మమ్మ ఇంటికి రావడం ఇదే మొదలు.

పడవలో నాన్న బూట్లు విప్పి పక్కన పెట్టుకున్నాడు. కొత్త బూట్లు. "ఆరు కిలోలు తగ్గాలండీ. షుగర్ వచ్చేలా ఉంది. స్వీట్లు తగ్గించండి, రోజూ నడవండి" అని డాక్టరుగారు చెప్పాక కొన్నవి. అప్పట్నుంచి నాన్న రోజూ నడుస్తున్నాడు. దుర్గ కూడా వెంట వెళ్ళేది.

పడవ కొవ్వూరు ఒడ్డుకి తగిలి ఒక్కసారి ఊగింది. ఒక బూటు జారి బుడుంగుమంది.

పడవ నడిపే బుల్లియ్య తాత గెడ పెట్టి కాసేపు వెతికాడు. డాక్టరుగారు నడవమంటే కొన్న బూట్లని నాన్న చెబితే నవ్వేశాడు.

"గోదారమ్మకి కూడా డాక్టరుగారు వాకింగ్ చెప్పారేమోలెండి!"

"ఒక్క బూటుతో ఎలా నడుస్తుంది తాతా?" అంది దుర్గ.

"కుంటుకుంటూ వెళ్తుందిలే, మనకేం!"

నాన్న కూడా కొంచెం నవ్వాడు. "సర్లే. సెలవులేగా! నడక సంగతి ఇంటికెళ్ళాక చూసుకుందాం" అన్నాడు.

'సర్లే' అనేది చిన్నమాటే. కానీ మిగతావన్నీ దాని వెనకాలే వచ్చాయి.

అమ్మమ్మ గేటు దగ్గరే నిలబడి ఉంది. వాళ్ళిద్దర్నీ చూసింది. తర్వాత వాళ్ళ వెనక ఖాళీ వీధిని కూడా ఒకసారి చూసింది.

"రండి అల్లుడుగారూ, కాళ్ళు కడుక్కోండి. దుర్గా, ఎంత నల్లబడిపోయావే!" అంటూ లోపలికి వెళ్ళిపోయింది.

భోజనంలో మామిడికాయ పప్పు, పనసపొట్టు కూర, వేడివేడి బూరెలు. నాన్న ఒక బూరె తిన్నాడు. రెండోది వెయ్యబోతే కంచం మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"చాలండి అత్తయ్యగారూ."

"మొహమాటపడకండి. మన వైపు 'చాలు' అంటే ఇంకోటి వెయ్యమనేగా అర్థం!" అంది అమ్మమ్మ. చెయ్యి సందులోంచి బూరె కంచంలో పడింది. "దుర్గా, నువ్వు చిల్లు పొడువు. మీ అమ్మ అలాగే చేసేది. ఈయన వద్దనేలోపే బూరెకి చిల్లు పొడిచి నెయ్యి పోసేసేది. నెయ్యి పోశాక ఎవరు వదిలేస్తారు?"

దుర్గ బొటనవేలితో బూరె నడినెత్తిన చిల్లు పొడిచింది. అమ్మమ్మ అందులో నెయ్యి పోసింది.

నాన్న ఆ వేలి వైపే చూశాడు. తర్వాత నవ్వాడు. పడవలో నవ్విన నవ్వు కాదది. అమ్మ ఉన్నప్పుడు నవ్వే నవ్వు. కళ్ళ దాకా వచ్చేది.

దుర్గ ఆ నవ్వు చూసి ఎంత కాలమైందో!

మర్నాడు కూడా బూరె పొడిచింది. ఆ తర్వాత రోజు అడక్కుండానే పొడిచింది. అమ్మమ్మ పూతరేకులు తెప్పిస్తే, "కాగితమంత పల్చగా ఉంటాయి నాన్నా, వీటికి బరువేంటి?" అని తనే పొట్లం విప్పి పెట్టింది. డాక్టరుగారి మాట గుర్తు రాకపోలేదు. వచ్చినప్పుడల్లా, 'ఈ ఒక్కరోజే' అనుకునేది. నాన్న నవ్వేవాడు. దుర్గకి అది చాలు.

ఒక సాయంత్రం ఇద్దరూ రేవుకి వెళ్ళారు. తిరిగొచ్చేటప్పుడు నాన్న సగం మెట్లెక్కి కూర్చుండిపోయాడు. చొక్కా అంతా చెమట. ఊపిరి గట్టిగా పీలుస్తున్నాడు.

"నాన్నా! ఏమైంది?"

"ఏం లేదు అమ్మలూ. నాతోపాటు బూరెలు కూడా మెట్లెక్కుతున్నాయి కదా, అందుకే ఆయాసం."

దుర్గకి నవ్వు రాలేదు. ఆస్పత్రి వరండాలో అమ్మ కోసం కూర్చున్న బల్ల గుర్తొచ్చింది.

"మరి వద్దనొచ్చుగా? ఎందుకు తిన్నావు?"

నాన్న నీళ్ళ వైపు చూస్తూ చెప్పాడు. "నువ్వు అచ్చం మీ అమ్మలాగే పొడుస్తావు. వద్దనాలనిపించలేదు."

దుర్గ తన బొటనవేలు చూసుకుంది. నాన్న నవ్వు కోసమే తను పొడిచింది. అమ్మ కోసం నాన్న తిన్నాడు. ఆయాసం మాత్రం నాన్న ఒక్కడికే వచ్చింది.

నాన్న ఊపిరి కుదుటపడేదాకా ఇద్దరూ అక్కడే కూర్చున్నారు.

మర్నాడు మధ్యాహ్నం అమ్మమ్మ మళ్ళీ బూరెల గిన్నె తెచ్చింది. నాన్న చెయ్యి అడ్డం పెట్టాడు. "వద్దండి అత్తయ్యగారూ."

"మళ్ళీ అదే మొహమాటం! దుర్గా, ఏంటే చూస్తున్నావు? పొడువు!"

దుర్గ వేలు లేపింది. నాన్న అప్పుడే నవ్వబోతున్నాడు. ఆ నవ్వు ఇంకొక్కసారి చూడాలనిపించింది. అయినా వేలు ముడిచేసింది. లేచి వచ్చి, కంచం మీదున్న నాన్న చేతి మీద తన చెయ్యి కూడా పెట్టింది.

"మొహమాటం కాదు అమ్మమ్మా. నాన్నకి నిజంగానే వద్దు. స్వీట్లు తగ్గించమని డాక్టరుగారు చెప్పారు."

అమ్మమ్మ మొహం చిన్నబోయింది. "మీరొస్తున్నారని తెలిసిన దగ్గర్నుంచీ నిద్దట్లో కూడా ఏం వండాలా అనే ఆలోచన. వండి పెట్టడం తప్ప నాకింకేం చేతనవుతుందే?"

"నిన్న నాన్న మెట్లెక్కలేక కూర్చుండిపోయాడు. నాకు భయమేసింది. అమ్మలాగ నాన్న కూడా..."

ఆ మాట పూర్తి చెయ్యలేకపోయింది. చెయ్యి మాత్రం తియ్యలేదు.

అమ్మమ్మ గిన్నె మీద మూత పెట్టింది. మూత సరిగ్గా పడలేదు. మళ్ళీ తీసి పెట్టింది.

"నాకు ముందే చెప్పొచ్చుగా బాబూ," అంది నాన్నతో, మెల్లగా.

"మీరు బాధపడతారని చెప్పలేదండి."

దుర్గ అమ్మమ్మ పక్కన చేరింది. "అమ్మమ్మా, పండగా లేదు, చుట్టాలూ లేరు, అలాంటి రోజు అమ్మ ఏం తినేది?"

అమ్మమ్మ చాలాసేపు ఆలోచించింది. "తోటకూర కాడల పులుసు. కాడలు నమిలి నమిలి, పీచు కంచం పక్కన గుట్ట పెట్టేది. తిట్టేదాన్ని. ఏంటే ఆ నమలడం, గేదెలాగ, అని." ఆ మాట అని తనే నవ్వింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

మర్నాడు కాడల పులుసే వండింది. ముగ్గురూ పోటీపడి నమిలారు. నాన్న గుట్టే పెద్దది.

ఆ సాయంత్రం "గట్టు మీద బ్రిడ్జి దాకా నడుద్దాం నాన్నా" అంది దుర్గ. అమ్మమ్మ కూడా ఇంటికి తాళం వేసి బయల్దేరింది. నెమ్మదిగా నడిచారు. నాన్న ఆగినప్పుడల్లా ఆగారు. చీకటి పడుతుంటే వెనక్కి తిరిగారు.

బ్రిడ్జి దాకా వెళ్ళనే లేదు. తగ్గాల్సిన ఆరు కిలోలూ ఇంకా అలాగే ఉన్నాయి.